దీపం డబ్బా మీద పసుపు బొట్టు

మొన్న మునిసిపాలిటీ ఓట్ల రోజు మా మనవరాలు నన్ను ఆటోలో ఎక్కించుకుని బడి దగ్గరికి తీసుకుపోయింది. ఈ ఓట్లకు ఇంకా కాగితాలే ఇస్తున్నారు కాబట్టి నాకు మిషనుతో తంటా తప్పింది. ముద్ర గుద్ది, మడిచి, డబ్బాలో వేసి బయటికి వచ్చాను. గేటు దాటకముందే పిల్ల నా చెవి దగ్గరికి వంగింది.

"అవ్వా, ఎవరికేసినావు?"

"చెప్పను."

"నాక్కూడానా?"

"నీక్కూడా."

అది పడీపడీ నవ్వింది. ఆటో అతనికి చెప్పింది, ఇంటికొచ్చి వాళ్ళమ్మకు చెప్పింది. అన్నాల దగ్గర మా వాడు కూడా అందుకుని, అమ్మ ఓటంటే మిలిటరీ రహస్యం అని ఎగతాళి చేశాడు. వాళ్ళ తప్పేమీ లేదు. ఓటేసిన వేలిని ఫోటో తీసి ఊరంతా చూపించుకునే కాలం ఇది. నేను మాత్రం కంచంలో చెయ్యి కడిగేసి లేచి వచ్చి నా మంచం మీద పడుకున్నాను. ఎవరికీ చెప్పని సంగతి ఒకటి అప్పటినుంచీ మనసులో తిరుగుతూనే ఉంది. ఈ వయసులో దాన్ని ఇంకా మోయడం నావల్ల కాదు.

మాది పెనుకొండకూ హిందూపురానికీ నడుమ, బస్సు దిగి పొలాల గట్ల మీద నడిచి చేరుకునే పల్లె. నాకప్పుడు ఏడేళ్ళో ఎనిమిదేళ్ళో. మా తాత ఊరికి పెద్ద. తగాదా వచ్చినా, పెళ్ళి కుదిరినా, బావి తవ్వాలన్నా మా అరుగు మీదికి రావలసిందే. మనిషి చెడ్డవాడని నేను అనను. ఆకలని వచ్చినవాళ్ళను ఉత్త చేతులతో పంపింది లేదు. అయితే తాను అడిగిన దానికి జవాబు రాకపోవడం అనేది ఆయన జన్మలో ఎరగడు.

మా చేనుకు ఆనుకుని ఒక కొట్టంలో గొర్రెలు మేపుకునే ఆలుమగలు ఉండేవాళ్ళు. మగాయన మంద చూసుకుంటూ, వానాకాలంలో గుంట మగ్గం మీద కంబళ్ళు నేసేవాడు. ఆమె ఉన్ని ఏకి దారం తీసేది. పిల్లాపీచూ లేరు. ఆమెను నేను కంబళ్ళత్త అని పిలిచేదాన్ని. కొట్టం నిలిచిన జాగా మాది. గొర్రెలు మేసే బీడు మాది. తాగే నీళ్ళు మా బావివి. బదులుగా వాళ్ళ మంద పంటకు ముందు మా చేలల్లో పడుకుని ఎరువు పోసేది. దీనికి కాగితమూ లేదు, సాక్షీ లేడు. మా తాతల నాటినుంచి అట్లా నడిచిపోతూ ఉంది. తాత వద్దన్ననాడు వాళ్ళకు నిలవడానికి చోటు లేదు.

నేను ఇంట్లో కంటే ఆ కొట్టంలోనే ఎక్కువ ఉండేదాన్ని. తడిసిన ఉన్ని వాసన, పొగచూరిన కప్పు వాసన, పొయ్యి మీద రాగిసంగటి అడుగంటిన వాసన. అత్త వేడి సంగటి ముద్దలో వేలితో గుంట చేసి, కాచిన గొర్రెపాలు పోసి ఇచ్చేది. అడుగున మాడిన పొక్కు గీకి బెల్లంముక్కతో దాచిపెట్టేది. అవి తిని ఇంటికి పోతే మా అవ్వ ముక్కు మూసుకుని, "ఆ గొర్రెల కంపు నట్టింట్లోకి తేవద్దు పాపా, పో, ఒళ్ళు కడుక్కోనిరా పో" అని బావి దగ్గరికి తరిమేది.

అత్తకు తన దేవుడు బీరప్ప అంటే ప్రాణం. ఆ దేవుడి పసుపును భండారం అంటారు. చిన్న గుడ్డసంచిలో పోసి ఎప్పుడూ నడుముకు దోపుకుని ఉండేది. నొసట కుంకుమ, దానిపైన ఆ పసుపు. ఊళ్ళో అట్లా పెట్టుకునేది ఆమె ఒక్కతే. కనిపించినదానికల్లా ఆ బొట్టు పెట్టేది. పుట్టిన గొర్రెపిల్లకు, మగ్గానికి, నాకు. మా రోడ్డుకు కొత్త బస్సు వచ్చినప్పుడు ఎదురెళ్ళి దాని ముక్కుకు కూడా పెట్టిందని ఊరంతా నవ్వారు. దీపం ముట్టిస్తే ముందు దానికి బొట్టు, దణ్ణం, ఆ తర్వాతే మాట. ఒకసారి నేను తొందరపడి దీపం ముందు నిలబడి ఏదో అడగబోతే నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఉండు పాపా. దీపానికి బొట్టు లేకుండా వదిలితే ఇల్లు ఒప్పదు."

ఆ ఏడాది ఓట్లు వచ్చాయి. మా వైపు నిలబడినవాళ్ళు ఇద్దరు. ఒకాయనది బండి గుర్తు. ఆయన మా తాతకు బంధువు. రెండో ఆయనది దీపం గుర్తు, ధర్మవరం వైపు మనిషి. బీళ్ళు గొర్రెలవాళ్ళకు, లేనివాళ్ళకు పంచాలని ఆయన సంతల్లో నిలబడి చెప్తున్నాడని మా అరుగు మీద అందరూ ఆడిపోసుకునేవాళ్ళు. తాత ఊళ్ళో ఇంటింటికీ పోలేదు. అరుగు మీద కూర్చునే, వచ్చినవాళ్ళతో ఒకటే మాట అన్నాడు.

"బండికే. మరచిపోవద్దండప్పా."

"అట్లే సామీ" అన్నారందరూ. అత్త మొగుడు కంబళ్ళ మామ కూడా అన్నాడు.

ఓట్లకు ముందురోజు ఆఫీసరు వచ్చాడు. హిందూపురంలో బడిపంతులట. సన్నటి మనిషి, కళ్ళద్దాలు, చెప్పులు తెగితే దారంతో కట్టుకుని ఉన్నాడు. ఆయన వెంట ఒక పోలీసు, రెండు ఇనుప డబ్బాలు, ఒక పెట్టె నిండా కాగితాలు. మా బడి గదిలోనే దిగాడు. అవ్వ ఆయన కోసం బెల్లం పూర్ణం పెట్టి ఓళిగలు చేసి, నెయ్యి వేసి, జీతగాడితో పంపింది. ఆయన చేతులు జోడించి వెనక్కి పంపేశాడు. తాత బండి గుర్తు తరపున ఏజెంటుగా కూర్చుంటున్నాడు కాబట్టి ఓట్లయ్యేదాకా ఆ ఇంటి తిండి తినకూడదట. తన సంచిలోని బొరుగులు, శెనక్కాయలు తిని నీళ్ళు తాగాడు. మా అవ్వకు తల కొట్టేసినట్లయింది. ఆ సాయంత్రమంతా, "నా చేతి ఓళిగలు వద్దన్న మగోడు ఈ పొద్దుటికి పుట్టలేదనుకున్నా" అని తిట్టుకుంటూనే ఉంది.

ఓటు వేసే మూలకు తెర కట్టడానికి ఆయనకు దట్టమైన గుడ్డ కావలసి వచ్చింది. కంబళ్ళత్త రెండు నల్లకంబళ్ళు తెచ్చి ఇచ్చింది. ఎండలో పట్టుకుని చూసి, సూదిమొన అంత వెలుగు కూడా రావడం లేదని ఆయన మెచ్చుకున్నాడు. ఆమె ముఖం విప్పారింది. చేసిన పనిని చదువుకున్న మనిషి ఎవరైనా మెచ్చుకోవడం ఆమెకు అదే మొదలు.

మేము పిల్లలం బడి ముందు ఓట్లాట ఆడుకుంటున్నాం. రెండు చెంబులు, చింతాకులు, తెరకు మా చెల్లెలి పావడ. నేను తెర సందులోంచి చూసి, ఎవరు ఏ చెంబులో వేశారో అరిచి చెప్పేస్తున్నాను. ఆఫీసరు వచ్చి నా చెవి పట్టుకున్నాడు. నొప్పి పుట్టేలా కాదు.

"చూడకూడదు. చూసినా చెప్పకూడదు. చెప్పినావంటే అదిగో, ఆ పోలీసాయన సంచిలో వేసుకుని పెనుకొండకు తీసుకుపోతాడు."

పోలీసు కూడా మీసం దువ్వి కళ్ళు పెద్దవి చేశాడు. వాళ్ళు నవ్వులాటకు అన్నారు. నేను పావడ తడుపుకున్నాను.

ఆ సాయంత్రమే ఆయన ఆడవాళ్ళందరినీ బడి ముందు కూర్చోబెట్టి, డబ్బా చూపించి అంతా వివరంగా చెప్పాడు. చీటీ మీద ఏమీ రాయనక్కరలేదు. ఇష్టమైన గుర్తున్న డబ్బాలో పడేస్తే చాలు. ఏ చీటీ ఎవరిదో డబ్బాకు తెలియదు, విప్పినవాళ్ళకూ తెలియదు. తెర వెనక ఏం చేశారో ఎవరికీ చెప్పనక్కరలేదు. ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. కంబళ్ళత్త నవ్వలేదు.

"మొగుడు అడిగితేనో, అయ్యవారూ?"

"చెప్పనక్కరలేదమ్మా."

"పెద్దాయన అడిగితేనో?"

నవ్వులు ఆగిపోయాయి. ఆఫీసరు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఎవరడిగినా సరే. అది నీది. నీ దగ్గరే ఉంటుంది."

ఆమె ఆ మాటను పెదవుల మీదే ఒకటి రెండుసార్లు అనుకోవడం నేను పక్కనుంచి చూశాను.

మరునాడు ఊరు పెళ్ళికి పోయినట్లు పోయింది. మా అవ్వ ధర్మవరం పట్టుచీర కట్టింది. వరసలో నిలబడిన ఆడవాళ్ళ తలల్లో కనకాంబరాలు, చేతుల్లో చంటిబిడ్డలు. జాబితాలో సగంమంది ఆడవాళ్ళు ఫలానా ఆయన భార్య అని మాత్రమే ఉన్నారు. ఆఫీసరు మొగుడి పేరు అడిగితే ఒక్కతీ చెప్పదు. ఒకామె ఆకాశం వైపు చూపించింది. ఒకామె పక్కింటామెను చెప్పమని మోచేత్తో పొడిచింది. ఆయన తల పట్టుకున్నాడు. మధ్యమధ్యలో లేచి తెర వెనక్కి పోయి, ఎవరైనా చీటీ డబ్బాలో వేయకుండా పైన పెట్టి వచ్చారేమో చూసి వస్తున్నాడు.

మా అమ్మ అప్పుడు పచ్చి బాలింత. అందుకని ఆ రోజంతా నన్ను కంబళ్ళత్తకు అప్పగించారు. మంద తోలి వచ్చేసరికి ఆలస్యమై, ఆమె వంతు దాదాపు చివరికి వచ్చింది. వేలికి సిరా పూస్తుంటే నేను భయపడి ఆమె కొంగు పట్టుకుని ఏడుపు లంకించుకున్నాను. లోపలికి ఒక్కతే పోవాలన్నారు. నేను కొంగు వదల్లేదు. పొద్దుటినుంచీ అరిచి అలిసిపోయిన ఆఫీసరు విసుగ్గా చెయ్యి ఊపాడు.

"సరే, పోనీ తల్లీ. పాపా, నిన్న చెప్పింది గుర్తుందా?"

ఉందన్నట్లు తల ఊపాను. బెంచీ మీద కూర్చున్న తాత మా వైపు చూసి నవ్వాడు.

తెర లోపల చీకటి. కంబళ్ళ ఉన్ని వాసన. అత్త కొట్టంలోకి పోయినట్లే అనిపించి నా ఏడుపు ఆగిపోయింది. బల్ల మీద రెండు డబ్బాలు. ఒకదాని మీద బండి బొమ్మ, ఒకదాని మీద దీపపుసెమ్మె బొమ్మ. అత్త చీటీని ప్రసాదంలాగా కళ్ళకద్దుకుంది. కాసేపు ఊరికే నిలబడింది. తర్వాత బండి డబ్బాలో వేసింది. నేను కళ్ళారా చూశాను. సందు సన్నగా ఉండి చీటీ సగంలో చిక్కుకుంటే వేలితో లోపలికి తోసింది కూడా.

తిరిగి రాబోతూ ఆగింది. ఎదురుగా దీపం బొమ్మ. ఆమె చెయ్యి తనంతట తానే నడుము దగ్గరికి పోయింది. సంచి విప్పి, వేలితో భండారం తీసి, ఆ డబ్బా మీది దీపానికి బొట్టు పెట్టింది. దణ్ణం పెట్టుకుంది. నాకు అందులో వింతేమీ కనపడలేదు. రోజూ చూసేదే కదా.

మా తర్వాత నలుగురైదుగురు వేసి ఉంటారు. ఆఫీసరు ఆ తర్వాత తెర వెనక్కి పోయి చూడలేదు. పొద్దు వాలకముందే తలుపు మూసి, డబ్బాలు తెచ్చి ఏజెంట్ల ముందు బల్ల మీద పెట్టాడు. మేము కిటికీ ఊచలకు వేలాడుతున్నాం. ఆయన సందులు మూసి, కాగితం అంటించి సంతకాలు పెట్టించాడు. దారం చుట్టి, లక్క కరిగించి చుక్కలు చుక్కలుగా పోసి ముద్ర వేశాడు. ఘాటైన ఆ వాసన కిటికీ దాకా వచ్చింది. రెండో డబ్బాను తిప్పినప్పుడు ఆయన చెయ్యి ఆగింది. గబుక్కున పంచె కొస పట్టుకుని దాని ముఖాన్ని తుడవబోయాడు.

"ఏమది అయ్యవారూ?" అన్నాడు తాత.

"ఏం లేదండీ, పసుపు అంటుకుంది."

తాత లేచి వచ్చి, వంగి చూసి, వేలితో అద్ది వాసన చూశాడు.

"ఇది వంటింటి పసుపు గాదు. భండారం."

ఆఫీసరు ముఖం పాలిపోయింది. "అయ్యా, అది బొట్టు. ఓటు కాదు. దాన్ని పట్టుకుని మీరేమీ అనుకోకూడదు."

"నేనేమనుకుంటానప్పా. మీ పని మీరు కానీయండి" అని తాత నవ్వి మళ్ళీ బెంచీ మీద కూర్చున్నాడు. ఆఫీసరు బండెక్కేముందు కంబళ్ళు ఎవరికో ఇచ్చి పంపకుండా తానే మడిచి, కొట్టం దాకా నడిచిపోయి అత్త చేతికి ఇచ్చాడు. ఆమె ఆయనకు బొట్టు పెట్టింది.

కొన్నాళ్ళకు ఫలితం తెలిసింది. బండి ఓడిపోయింది. మిగతా ఊళ్ళన్నీ దీపానికి వేశాయి. మా ఊరి దీపం డబ్బాలో మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని చీటీలే ఉన్నాయని పెనుకొండకు పోయి వచ్చినవాళ్ళు తాతను సంతోషపెట్టాలని చెప్పారు. ఆయన సంతోషపడలేదు. ఆ కొన్ని చీటీలు ఎవరివని రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. మూడో రోజు పొద్దున ఆలుమగలను పిలిపించాడు.

నేను తలుపు వెనక నిలబడి ఉన్నాను. అత్త అరుగు కింద, ఎండలో. మామ ఆమెకు కొంచెం ముందు, తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని.

"యా డబ్బాలో ఏసినావమ్మా?" తాత గొంతు మెత్తగానే ఉంది.

అత్త కొంగు భుజాల నిండా కప్పుకుంది.

"కోపంగా అడగడంలేదు. బండిలో ఏసినానని ఒక్కమాట చెప్పు. నేను నమ్ముతా. పోయి మందను తోలుకోండి."

"చెప్పకూడదంట గదా సామీ. ఆఫీసరయ్య చెప్పినాడు."

"ఆఫీసరు హిందూపురంలో ఉండాడు. నువ్వు ఈడ ఉండావు. అడుగుతాండేది నేను."

"మీరడిగినా చెప్పనక్కరలేదన్నాడు సామీ."

అరుగు మీద ఉన్నవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మామ వెనక్కి తిరిగి ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు.

"ఏమే, చెప్పెయ్యే. ఏదో ఒకటి చెప్పెయ్యే. నీ కాళ్ళు పట్టుకుంటా."

ఆమె మొగుడి వైపు చూసింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అయినా తల అడ్డంగా ఊపింది. ఆ తర్వాత ఎందుకో తలుపు వైపు చూసింది. నేను కనపడ్డాను. ఒక్క క్షణం మా చూపులు కలిశాయి. అత్త బండిలో వేసింది తాతా, నేను చూశాను అని నేను అరిచి ఉంటే అక్కడితో అయిపోయేది. పోలీసు మీసం కళ్ళ ముందు ఆడింది. తల వంచుకున్నాను.

"సరేమ్మా" అన్నాడు తాత. "నీ మాట నీ దగ్గరే పెట్టుకో. నా బీడు నా దగ్గర పెట్టుకుంటా."

లోపలికి పరుగెత్తి అమ్మ పక్కన దూరాను. ఆ గదిలో వాము పొగ, చంటిదాని పాల వాసన. అమ్మ ఏమైందే అని ఎంత అడిగినా చెప్పలేదు. ఆ సాయంత్రానికి నాకు జ్వరం వచ్చింది.

రెండు రోజులకు వాళ్ళు వెళ్ళిపోయారు. గాడిద మీద ఏకిన ఉన్ని, కుండలు, మగ్గపు కర్రలు. నడవలేని గొర్రెపిల్లలు రెండు మామ భుజాన సంచిలో తలలు బయటపెట్టి అరుస్తున్నాయి. మడకశిర వైపు పోతామన్నారు, అక్కడ తమవాళ్ళు ఉన్నారట. మా అవ్వ చేటలో రాగులు పోసి, తలుపు దగ్గరే నిలబడి ఆమె ఒడిలో వంచింది.

"చెప్పేసుంటే ఏం పోయేదే నీకు? ఇంత మొండితనం ఆడదానికి పనికిరాదు."

అత్త నా దగ్గరికి వచ్చి, జ్వరంతో కాలుతున్న నొసటి మీద భండారం పెట్టి, తల నిమిరి పోయింది. నేను అప్పుడైనా ఏడవలేదు. వాళ్ళు పోయిన తర్వాత కొట్టానికి పోయి చూశాను. పొయ్యిలో బూడిద ఇంకా వెచ్చగా ఉంది. ఆ ఏడాది మా చేలకు మంద ఎరువు లేదు. మరుసటేడు వేరే ఊరినుంచి మందను పిలిపించారు. కొట్టం కప్పు వానలకు కూలిపోయింది, ఆ జాగాలో గడ్డివాము వేశారు.

నేను పెరిగాను. ఓట్ల పద్ధతీ మారింది. నిలబడిన మనిషికో డబ్బా పోయి అందరికీ ఒకే డబ్బా వచ్చింది, చీటీ మీద గుర్తులు, రబ్బరు ముద్ర. ఆ పద్ధతి కొంచెం ముందే వచ్చి ఉంటే, బొట్టు పెట్టడానికి వేరే దీపం డబ్బా అనేదే ఉండేది కాదు కదా అని నేను ఎన్నిసార్లు అనుకున్నానో. తెలిసీ నోరు మూసుకున్నాననే పాపం నన్ను లోపల తింటూనే ఉంది. సంగటి ముద్ద చేత్తో పట్టుకున్నప్పుడల్లా గుర్తొచ్చేది.

నా పెళ్ళి కుదిరిన నెలలో తాతకు పక్షవాతం వచ్చింది. మంచం మీదే ఉన్నాడు, మాట మాత్రం బాగానే ఉంది. అత్తవారింటికి పోయేలోగా ఆ బరువు దించుకోవాలనిపించింది. ఒక మధ్యాహ్నం ఆయన కాళ్ళు పడుతూ చెప్పేశాను.

"తాతా, కంబళ్ళత్త ఆ పొద్దు బండిలోనే ఏసింది. నేను చూసినా. బొట్టు ఊరికే, దీపమని పెట్టింది."

తాత ఏడుస్తాడేమో అనుకున్నాను. మనిషిని పంపి వాళ్ళను వెతికిస్తాడేమో అనుకున్నాను. ఆయన ముఖం మీద మెల్లగా నవ్వు వచ్చింది.

"అయితే మన మాట దాటలేదన్నమాట. మన మనిషే."

"మరి పంపించేస్తివి గదా తాతా."

"ఓటుకు గాదులే పాపా. అడిగితే చెప్పలేదు గదా, దానికి."

మజ్జిగ అడిగి తాగి, హాయిగా కళ్ళు మూసుకున్నాడు. నా చేతులు ఆయన కాళ్ళ మీదే ఉండిపోయాయి. ఆ ఏడాదే పోయాడు.

హిందూపురానికి కాపురానికి వచ్చిన కొన్నేళ్ళకు సంతలో ఆమె కనిపించింది. బెల్లం దిమ్మెల అంగళ్ళు దాటాక, నేల మీద గోనె పరిచి నాలుగు కంబళ్ళు పెట్టుకుని కూర్చుని ఉంది. నొసట కుంకుమ లేదు, ఉత్త భండారం. మనిషి సగమైంది. నేనే గుర్తుపట్టాను. నేనెవరో చెప్పిన తర్వాత నా గడ్డం పట్టుకుని, ముఖం అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

మామ పోయాడట. మడకశిర అవతల మేపు దొరకని ఏడాది గొర్రెలన్నీ ఒకదాని తర్వాత ఒకటి పడిపోతే, చివరిది పడిన వారానికి మనిషీ పడిపోయాడట. "పోయేదాకా అడుగుతానే ఉండ్య పాపా, ఇప్పుడన్నా చెప్పే, ఏ డబ్బాలో ఏస్తివి అని. చెప్పలేదు" అంది. ఇప్పుడు ఎవరి ఉన్నో వడికి, ఎవరి కంబళ్ళో అమ్మిపెడుతూ ఉందట.

నాకు దుఃఖం ఆగలేదు. సంతలో అందరూ చూస్తున్నా ఏడ్చేశాను. ఇన్నేళ్ళూ దాచుకున్నదంతా చెప్పేశాను. "నేను చూసినా అత్తా. నువ్వు బండిలోనే ఏసినావు. ఆ పొద్దు అరుగు మీద చెప్పలేకపోతిని, భయపడితిని."

"చిన్నబిడ్డవు. నువ్వు చెప్తావేమో అనే నాకు భయమాయ. చెప్పలేదు గదా. బంగారు తల్లివి" అని కొంగుతో నా కళ్ళు తుడిచింది.

ఆ తడి కొంగు నా చెంప మీద ఉండగానే, ఆమెకు ఊరట కలుగుతుందనే, నేను మిగిలింది కూడా చెప్పాను. "తర్వాత చెప్పేసినా అత్తా. తాత పోకముందు నిజమంతా చెప్పినా."

ఆమె చెయ్యి ఆగిపోయింది.

"చెప్పేస్తివా?"

కొంగు వెనక్కి తీసుకుంది. పరిచిన కంబళ్ళను ఒక్కొక్కటే మడవసాగింది. సంత ఇంకా సగం కూడా కాలేదు. మూడోది మడుస్తూ, నా వైపు చూడకుండానే అంది.

"ఏసింది మీ తాత ఏయమన్నచోట ఏసినా. అది ఆయనదే. చెప్పకుండా పెట్టుకున్న్యది ఒకటే నాది. దానికే గదా పాపా ఇంత పోగొట్టుకునింది."

చెప్పకపోవడం నా పాపమని ఇన్నేళ్ళు ఏడ్చాను. చెప్పడమే పాపమని నాకు తెలిసినది ఆ గోనెపట్టా ముందు. మామకు కూడా చెప్పకుండా అన్నేళ్ళు దాచుకున్నదాన్ని నేను కాళ్ళు పడుతూ పడుతూ తీసుకుపోయి తాత చేతిలో పెట్టేశాను.

మూట కట్టుకుని లేచి నిలబడింది. ఒక అడుగు వేసి, మళ్ళీ వెనక్కి తిరిగింది.

"ఏమన్నాడు?"

మన మనిషే అన్నాడు. మజ్జిగ తాగి నిద్రపోయాడు. అది నా నాలుక చివరిదాకా వచ్చింది.

"ఏమీ అనలేదత్తా" అన్నాను.

ఆమె తల ఊపి, మూట నెత్తికెత్తుకుని జనంలోకి పోయింది. మళ్ళీ నాకు కనపడలేదు. ఆ ఒక్కటైనా చెప్పకుండా ఉండగలిగాను.